ఫ్రిజ్‌లో మిగిలిన రోజులు: పశ్చిమ ప్రకాశం రక్తం సరఫరాపై ఒక కేస్ స్టడీ

మేం ఈ పని చేపట్టిన మొదటి వారంలోనే రెండు సంగతులు ఒకే రోజు ఎదురయ్యాయి. కొండల వైపున్న ఒక స్టోరేజీ సెంటర్‌లో కాన్పయ్యాక రక్తం ఆగని తల్లికి ఓ నెగటివ్ గ్రూపు రక్తం కావాల్సి వచ్చింది. అక్కడి ఫ్రిజ్‌లో లేదు. అదే రోజు పొద్దున మరో సెంటర్ నుంచి గడువు దాటిన ఓ నెగటివ్ బ్యాగు పారేయడానికి ఒంగోలు వచ్చింది. ఆమెను 108లో తీసుకొచ్చారు, దేవుడి దయవల్ల దారిలో నిలబడింది, బతికింది. కాన్పు తర్వాతి రక్తస్రావం ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా రెండు గంటల్లో తీసుకుపోగలదు. ఆ సెంటర్ నుంచి ఒంగోలుకు మూడు గంటల పైనే ప్రయాణం. ఆ రాత్రి రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆమెకు కావాల్సిన రక్తం అంతకు ముందు వారం మా దగ్గరే ఉంది. ఉండాల్సిన ఫ్రిజ్‌లో లేదు, అంతే.

నేను డాక్టర్ని కాను. ఆపరేషన్స్ రీసెర్చ్ చదివి స్టాకు, రవాణా లెక్కలు చేసేవాణ్ణి. ఒంగోలులోని ఒక బ్లడ్ బ్యాంకు, దాని కింద పడమటి వైపున్న నాలుగు స్టోరేజీ సెంటర్ల మధ్య బ్యాగులు ఎలా తిరగాలో తేల్చడం నాకు అప్పగించిన పని. 2020లో నిబంధనలు మారాక కాగితాల మీద ‘బ్లడ్ సెంటర్’ అనాలి, మా నోట్లో మాత్రం ఇంకా బ్యాంకే. ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు. రోడ్డు మీద పట్టే సమయాన్ని బట్టి గంట సెంటర్, రెండు గంటల సెంటర్లు రెండు, కొండ సెంటర్ అని పిలుస్తాను. కొండ సెంటర్ అంటే చీమకుర్తి, పొదిలి, మార్కాపురం దాటి నల్లమల వైపు వెళ్లే దారిలో ఉన్నది.

స్టోరేజీ సెంటర్ రక్తం సేకరించదు, పరీక్షించదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయిదూ తల్లి బ్యాంకులోనే, అంటే ఒంగోలు బ్యాంకులోనే, అవుతాయి. సెంటర్ చేసేది 2 నుంచి 6 డిగ్రీల మధ్య దాచడం, రోగి రక్తంతో సరిపడుతుందో చూడటం (క్రాస్‌మ్యాచ్), ఇష్యూ చేయడం. కాబట్టి అక్కడి ఫ్రిజ్‌లో ఏముండాలన్నది పూర్తిగా మన చేతిలో ఉన్న నిర్ణయం. అయినా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోవడం లేదు. సెంటర్ ఫోన్ చేస్తుంది, ‘ఏ పాజిటివ్ రెండు, బీ పాజిటివ్ మూడు పంపండి’ అంటుంది, ఇక్కడ చేతికందినవి పెట్టెలో పెడతారు. ఇవతలి నుంచి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఎన్ని ఉన్నాయి?’ 2016లో వచ్చిన ఈ-రక్త్‌కోష్ పోర్టల్లో వెతికేవాళ్లకు కనపడేది కూడా ఏ గ్రూపు ఎన్ని అన్న అంకే. ఆ బ్యాగుల్లో ఒక్కోదానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో అంకె చెప్పదు.

మా పనంతా ఈ ఒక్క మార్పు చుట్టూ తిరిగింది. బ్యాగులు లెక్కపెట్టడం మాని, మిగిలిన రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాం.

ఒక చిన్న భాగహారం

సీపీడీఏ బ్యాగులో రక్తం 35 రోజులు, శాగ్‌ఎమ్ కలిపిన ఎర్రకణాలు 42 రోజులు ఉంటాయి (ఈ రెండూ రక్తాన్ని నిలవ ఉంచే ద్రావణాలు). ఇప్పుడు ఒక సెంటర్‌లో ఏబీ పాజిటివ్ సగటున మూడు వారాలకు ఒకటి ఖర్చవుతుంది అనుకుందాం. ‘ఎందుకైనా మంచిది’ అని మూడు బ్యాగులు పెట్టారు. మొదటిది 21 రోజులకు, రెండోది 42 రోజులకు, మూడోది 63 రోజులకు వంతుకొస్తుంది. పైగా పరీక్షలు, ప్రయాణం అయ్యేసరికి బ్యాగు వయసు ఎలాగూ నాలుగైదు రోజులు. అంటే మూడో బ్యాగు పెట్టిన రోజే అది పారేయబోయే బ్యాగని తెలిసిపోయింది, రెండోది కూడా చాలావరకు అంతే. స్టాకును ఖర్చు వేగంతో భాగిస్తే బ్యాగు ఎన్ని రోజులు కూర్చుంటుందో వస్తుంది. క్యూల లెక్కల్లో దీన్ని లిటిల్ సూత్రం అంటారు. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నాలుగు సెంటర్లకూ, ఎనిమిది గ్రూపులకూ ఈ భాగహారం చేసి కాగితం మీద పెట్టినప్పుడు మా మెడికల్ ఆఫీసర్ మేడమ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇన్నాళ్లూ మనం భయంతో స్టాకు పెట్టాం’ అన్నారు.

రెండో లెక్క అందరికీ కాస్త ఆశ్చర్యం కలిగించింది. ఒక గ్రూపు నాలుగు చోట్లా వారానికి సగటున ఒక్కో బ్యాగు కావాలి అనుకోండి. ఎప్పుడొస్తారో తెలియని రోగుల రాకకు పాయిసాన్ అనే సంభావ్యత లెక్క బాగా నప్పుతుంది. ఒక్క చోట వారమంతా లోటు రాకుండా నూటికి 98 వంతులు భరోసా కావాలంటే మూడు బ్యాగులు పెట్టాలి. నాలుగు చోట్లా కలిపి పన్నెండు. అదే నాలుగు చోట్లకూ ఒకే ఫ్రిజ్ ఉంటే, వారానికి సగటు నాలుగు, అంతే భరోసాకు ఎనిమిది చాలు. ఆ నాలుగు బ్యాగుల తేడా దూరానికి మనం కడుతున్న వెల. దూరాన్ని చెరిపేయలేం. బ్యాగులు ఒకచోటే మగ్గకుండా తిప్పుతూ ఉంటే మాత్రం అందులో కొంత వెనక్కి వస్తుంది.

తిప్పడం కొత్త ఆలోచనేమీ కాదు. 1970ల చివర్లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ ఆసుపత్రుల్లో బ్రోడ్‌హైమ్, ప్రస్తాకోస్ అనే ఇద్దరు ఇదే చేశారు. కొన్ని బ్యాగులు ఆసుపత్రి దగ్గరే ఉండిపోయేవి, కొన్ని కొన్నాళ్లుండి వెనక్కి వచ్చి ఎక్కువ ఖర్చుండే చోటికి పోయేవి అని విడగొట్టారు. గడువు దాటి పోయే రక్తం అక్కడ 20 శాతం నుంచి 4 శాతానికి దిగింది. మన దేశపు మార్గదర్శకాల్లోనూ ఈ ఆలోచన ఉంది: వాడని బ్యాగును గడువుకు కనీసం 10 రోజుల ముందే తల్లి బ్యాంకుకు పంపి కొత్తది తెచ్చుకోవాలి. మా సెంటర్లలో ఈ నియమం గోడ మీద అంటించి ఉంది. చాలాసార్లు పాటించారు కూడా.

అయినా రక్తం ఎందుకు పారబోయాల్సి వచ్చింది? ఎందుకంటే 10 రోజులు అన్ని గ్రూపులకూ ఒకటి కాదు. ఓ పాజిటివ్ బ్యాగు పది రోజుల గడువుతో ఒంగోలు చేరితే ఆ రోజే ఎవరికో ఎక్కుతుంది. ఏబీ నెగటివ్ సంగతి వేరు. మన దగ్గర ఆర్‌హెచ్ నెగటివ్ వాళ్లు నూటికి అయిదుగురికి అటూ ఇటూ, అందులో ఏబీ ఇంకా తక్కువ. తల్లి బ్యాంకులోనే పదిహేను రోజులకు ఒకటి అడుగుతారు అనుకుంటే, పది రోజుల్లో ఒక్కరూ రాకపోయే అవకాశం 51 శాతం. అంటే నాణెం ఎగరేసినట్టే. అదే బ్యాగు 30 రోజులు మిగిలుండగా వెనక్కొస్తే ఆ అవకాశం 14 శాతానికి పడిపోతుంది. కాబట్టి ‘ఎప్పుడు వెనక్కి పంపాలి’ అన్నది సెంటర్‌ని బట్టి కాకుండా, తల్లి బ్యాంకులో ఆ గ్రూపు ఎంత వేగంగా ఖర్చవుతుందో దాన్ని బట్టి తేలాలి. గోడ మీది పది రోజులు ఆఖరి హద్దు. మేం దాని లోపల గ్రూపుకో రోజు పెట్టుకున్నాం.

ఏబీ నెగటివ్‌కి వచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంది: దూరపు సెంటర్లలో అసలు పెట్టొద్దు. ఆ రోగికి ఓ, ఏ, బీ నెగటివ్ ఎర్రకణాలు ఏవైనా ఎక్కించవచ్చు కాబట్టి, ఆ చోటు ఎవరికైనా ఎక్కించగల ఓ నెగటివ్‌కి ఇవ్వాలి.

మోడల్

ఎన్ని బ్యాగులు, ఏ గ్రూపు, ఎంత వయసువి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోజు వెళ్లాలి. ఇవే మాకు తెలియాల్సినవి. ఎనిమిది గ్రూపులు, 42 రోజుల వయసులు, అయిదు చోట్లు. పెద్ద సమస్యేమీ కాదు. బ్యాగు ప్రతి రోజూ ఒక రోజు ముసలిదై అదే చోట ఉంటుంది, లేదా వ్యాన్ ఎక్కి ఇంకో చోట తేలుతుంది, లేదా రోగికి ఎక్కుతుంది, లేదా గడువు దాటుతుంది. కాలువల్లో నీళ్లు పారినట్టే ఈ లెక్క పారుతుంది. ఇలాంటి ప్రవాహపు లెక్కలకు ఒక సౌలభ్యం ఉంది, మామూలు లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న హద్దుల్లో మేలైన జవాబు వెతికే లెక్క) చేసినా జవాబు పూర్ణాంకాల్లోనే వస్తుంది, అర బ్యాగు పంపమనదు. వ్యాన్ ఆ రోజు వెళ్లాలా వద్దా అన్న అవును-కాదు నిర్ణయం చేరగానే పూర్ణాంక ప్రోగ్రామింగ్ అవసరమైంది. పైథాన్‌లో ఈ లెక్క రాసే పల్ప్, దాన్ని తేల్చే ఉచిత ప్రోగ్రామ్ సీబీసీ సాల్వర్ సరిపోయాయి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీదే నడిచింది. మెషీన్ లెర్నింగ్ జోలికి పోలేదు. నెలకు ఒకట్రెండు బ్యాగులు అడిగే గ్రూపుకి ముందస్తు అంచనా అంటూ పెద్ద మోడల్ పెట్టడం, నా ఉద్దేశంలో, డేటా లేని చోట ధీమా చూపించడమే.

డిమాండ్‌ని మాత్రం రెండుగా చీల్చాం, అది చాలా మేలు చేసింది. తలసీమియా పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ తేదీలు ముందే తెలుసు. వాళ్లను ‘ఎప్పుడొస్తారో తెలియనివాళ్ల’ సగటులో కలిపితే ఉన్న సమాచారాన్ని మన చేత్తో మనమే పారేసినట్టు. పిల్లల తేదీలు క్యాలెండర్లో రాసి, వాళ్ల బ్యాగులు విడిగా కట్టిపెట్టాం. మిగతాదే పాయిసాన్‌కి వదిలాం.

ఏది ఎంత ముఖ్యం అన్న దగ్గర చిక్కొచ్చింది. పుస్తకాల్లో లోటుకి ఇంత జరిమానా, వృథాకి ఇంత, రవాణాకి ఇంత అని రూపాయలు వేసి కలుపుతారు. మీటింగ్‌లో నేను ఆ పట్టిక చూపించాను. ‘తల్లికి రక్తం దొరక్కపోతే వెయ్యి, బ్యాగు పారేస్తే వంద అని నేను సంతకం పెట్టలేను’ అన్నారు మేడమ్. ఆమె చెప్పింది నిజం. రూపాయలు తీసేసి వరస పెట్టాం. ముందు లోటు వీలైనంత తగ్గాలి. ఆ తగ్గింపు చెడకుండా వృథా తగ్గాలి. ఆ రెండూ చెడకుండా ట్రిప్పులు తగ్గాలి. సాల్వర్‌ని మూడుసార్లు నడపాలి, అంతే తేడా.

మొదటి జాబితా తిరిగొచ్చింది

మొదటిసారి జాబితా పంపిన రోజు సాయంత్రమే కొండ సెంటర్ టెక్నీషియన్ ఫోన్ చేసింది. ‘ఏంది సార్ ఇది, ఉన్న రెండు ఓ నెగటివ్ కూడా తీసకపొమ్మంటన్నారు? రాత్రి కేసొస్తే నేనెట్టా చెయ్యాల?’

మోడల్ తప్పు చేయలేదు, నేను చేశాను. అక్కడ ఓ నెగటివ్ ఖర్చు సగటు దాదాపు సున్నా. ఒంగోలులో రోజూ ఏదో ఒక నెగటివ్ రోగి. సగటున చూస్తే బ్యాగు ఒంగోలులోనే ఎక్కువ పనికొస్తుంది. కానీ ఒంగోలులో లోటొస్తే పక్క వీధి బ్యాంకు నుంచి అరగంటలో వస్తుంది, కొండ సెంటర్‌లో లోటంటే మూడు గంటలు. రెండు లోటుల్నీ ఒకే కొలతతో కొలిచాను. ఈ పని మొదలవడానికి కారణమైన తల్లి కేసు నా కళ్ల ముందే ఉన్నా, దాన్ని మోడల్లోకి రాయడం మర్చిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

దిద్దుబాటు చిన్నది. రోడ్డు సమయం రెండు గంటలు దాటిన చోట ఓ నెగటివ్ రెండు బ్యాగులకు తగ్గకూడదు, అంచనా ఏం చెప్పినా సరే. అవి అక్కడ వాడకపోతే వయసు 15 రోజులు దాటిన తర్వాతి వ్యాన్‌లో వెనక్కి వస్తాయి, కొత్తవి వెళ్తాయి. వెనక్కొచ్చినవాటికి ఇంకా రెండు వారాల పైనే ఉంటుంది. ఒంగోలులో వాటి సొంత గ్రూపు వాళ్లు ముందు, తమ గ్రూపు దొరకని వేరే నెగటివ్ రోగులు తర్వాత. కొండ సెంటర్‌లో ఆ రెండు బ్యాగులు నెలల తరబడి ఎవరికీ ఎక్కకపోవచ్చు. అయినా పారేయడం ఉండదు, ఫ్రిజ్ ఖాళీ కాదు.

రెండో దెబ్బ ఎక్సెల్ నుంచి వచ్చింది. ఒక సెంటర్ ఫైలులో తేదీ-నెల, ఇంకో చోట నెల-తేదీ. జూన్ 5న తీసిన రక్తం మే 6న తీసినదై కూర్చుంది, మోడల్ దాన్ని వెంటనే వాపసు పంపమంది. రెండ్రోజుల బ్యాగు వెనక్కి రావడం చూసి టెక్నీషియన్లు జాబితాను పక్కన పడేశారు. ఆ నమ్మకం మళ్లీ సంపాదించడానికి రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి తేదీలు చేత్తో కొట్టడం ఆపి బార్‌కోడ్ స్కాన్‌తోనే తీసుకుంటున్నాం. 35 రోజుల బ్యాగా 42 రోజులదా అన్నది కూడా బ్యాగు రకాన్ని బట్టే పడుతుంది.

లెక్కలో పట్టనివి

వాపసు బ్యాగు నడవాలంటే చల్లదనం తెగకూడదు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ టిప్పర్ల వెనక రోహిణి కార్తెలో వ్యాన్ ఇరుక్కుంటే పెట్టె లోపల ఏమవుతుందో మాకు అంకెల్లో తెలియాలి. ప్రతి పెట్టెలో ఉష్ణోగ్రతను నమోదు చేసే డేటా లాగర్ పెట్టాం. ఉష్ణోగ్రత గీత చెదరని బ్యాగే తిరిగి స్టాకులోకి. ఐస్ ప్యాకు నేరుగా బ్యాగుకి తగిలితే గడ్డకట్టి ఎర్రకణాలు పగిలిపోతాయి, మధ్యలో అట్ట అడ్డం పెట్టడం డ్రైవర్ అన్నకు కూడా నేర్పాం. అంతకుముందు రోగి బంధువుల చేతికి థర్మోకోల్ డబ్బా ఇచ్చి బస్సెక్కించడం నేను కళ్లారా చూశాను. కొడుకు ఐసీయూలో ఉన్న తండ్రిని రక్తం మోసే మనిషిగా మార్చడం అన్యాయం. వ్యాన్ వారానికి రెండు ట్రిప్పులు ఖాయంగా తిరగడం మొదలయ్యాక మా నాలుగు సెంటర్లలో అది ఆగింది.

డాక్టర్ల ‘ఫ్రెష్ బ్లడ్ కావాలి’ అనే అలవాటు మోడల్‌ని లోపలి నుంచి పాడుచేస్తుంది. పాతది ముందు ఇష్యూ అవుతుందన్న నమ్మకం మీదే వాపసు రోజుల లెక్కంతా నిలబడింది. పసికందులకు, తలసీమియా పిల్లలకు కొత్త బ్యాగులు కేటాయించడం సరే, మేమూ కేటాయిస్తాం. మిగతా పెద్దవాళ్ల విషయంలో 2015లో వచ్చిన ఏబుల్, 2016లో వచ్చిన ఇన్‌ఫార్మ్ అనే, రోగులపై జరిపిన పరిశోధనలు, కొత్త రక్తం వల్ల మరణాలు తగ్గవని తేల్చాయి. మేడమ్ ఆ రెండూ తీసుకుని ఒక్కో సర్జన్ దగ్గరికీ వెళ్లి కూర్చున్నారు. ఆమె చేసిన ఆ పని లేకపోతే నా ప్రోగ్రామ్ వట్టిదే.

ఇంకొకటి రిజర్వేషన్. ఆపరేషన్‌కి నాలుగు బ్యాగులు క్రాస్‌మ్యాచ్ చేయించి ఒక్కటే వాడతారు, మిగతా మూడూ ఆ పేరు మీద బందీలుగా ఉండిపోతాయి. మా సెంటర్లలో ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున రిజర్వ్ దానంతటదే విడిపోయేలా నియమం పెట్టాం.

క్యాంపులు

సరఫరా వైపు అసలు సమస్య క్యాంపులు ముద్దలుగా రావడం. నాయకుల పుట్టినరోజులు, హీరోల పుట్టినరోజులు, జూన్ 14 (ప్రపంచ రక్తదాతల దినం), అక్టోబరు 1 (జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం). ఆ రోజుల్లో క్యూలు కడతారు, అన్ని బ్యాగులకూ ఒకే గడువు తేదీ పడుతుంది. ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు మళ్లీ ఇవ్వకూడదు. ఒక పెద్ద క్యాంపు తర్వాత ఊరంతా మూడు నెలలు ఎండిపోతుంది. మార్చి నుంచి పరీక్షలు, తర్వాత వేసవి సెలవులు, కాలేజీ క్యాంపులు ఉండవు. అదే సమయంలో బ్యాంకు బోసిపోతుంది.

అభిమాన సంఘం కుర్రాళ్లతో మాట్లాడటానికి నేనే వెళ్లాను. ‘పుట్టినరోజు ఒక్కరోజే కదన్నా, మూడు వారాలు ఎట్టా చేస్తాం?’ అన్నారు. వాళ్లకు గడువు తేదీల చార్టు చూపించాను. మీరిచ్చిన రక్తంలో ఎంత వంతుకొచ్చేలోపు గడువు దాటుతుందో చూడండి అన్నాను. వాళ్ల మొహాలు మారిపోయాయి. రక్తం ఇచ్చే మనిషికి అది పారబోశారని తెలియడం కంటే బాధ లేదు. ఆ ఏడాది పుట్టినరోజు నాడు మూడో వంతు మందే ఇచ్చారు. మిగతావాళ్లు పేరు, గ్రూపు రాసి తేదీ తీసుకున్నారు. నెగటివ్ గ్రూపు వాళ్లను క్యాంపులో అసలు తీసుకోవడం లేదు. వాళ్ల నంబర్లు విడిగా ఉంచి, మోడల్ లోటు చూపించిన వారం ఫోన్ చేస్తాం.

ప్లేట్‌లెట్లను ఈ నెట్‌వర్క్‌లో కలపలేదు. వాటి ఆయుష్షు 5 రోజులు, 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఆగకుండా కదుపుతూ ఉంచాలి, సెంటర్లలో ఆ యంత్రం లేదు. డెంగీ సీజన్లో రోగినే ఒంగోలు పంపడం మేలు.

ఏం మారింది

శాతాల్లో చెప్పమని చాలామంది అడిగారు. పాత డిస్కార్డ్ రిజిస్టర్లో గడువు దాటినవి, పరీక్షలో పాజిటివ్ వచ్చి పారేసినవి ఒకే వరసలో కలిసి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ముందూ వెనకా శాతం చెబితే అబద్ధమవుతుంది. రెండు కొత్త కొలతలు పెట్టుకుని అవే చూస్తున్నాం: ఇష్యూ అయిన రోజు బ్యాగుకి ఇంకా ఎన్ని రోజులున్నాయి, కొండ సెంటర్‌లో ఓ నెగటివ్ సున్నాకి చేరిన రోజులెన్ని. వ్యాన్ ఖాయమయ్యాక అక్కడ ఓ నెగటివ్ ఒక్కసారే సున్నాకి చేరింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం వ్యాన్ కదల్లేదు. అప్పటినుంచి వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇవ్వగానే దూరపు సెంటర్ల కనీస స్టాకు రెండింతలు చేసే మీట ప్రోగ్రామ్‌లో ఉంది.

కొన్ని నెలలు నడిచాక సాల్వర్ ఇచ్చే జవాబులన్నీ వరసగా పేర్చి చూశాను. దాదాపు ప్రతి వారం అదే జవాబు. ప్రతి సెంటర్‌కూ గ్రూపుకి ఎన్ని బ్యాగులు, ఎన్నో రోజున వాపసు, అని రెండు అంకెలు చాలు. ఆ పట్టికను తెలుగులో ప్రింటు తీసి, లామినేట్ చేసి, ప్రతి ఫ్రిజ్ తలుపు మీద అంటించాం. కరెంటు పోయినా, నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. సాల్వర్ ఇప్పుడు వారానికోసారి వ్యాన్ దారి, క్యాంపు తేదీల కోసమే నడుస్తుంది. మూడు నెలలకోసారి పట్టిక అంకెలు మళ్లీ సరిచూస్తాం.

పోయిన సరిచూపులో కొండ సెంటర్ టెక్నీషియన్ ఒక మార్పు అడిగింది. కాన్పుల వార్డులో నెలలు నిండినవాళ్ల గ్రూపులు ఆమె ముందే రాసి పెట్టుకుంటోంది. ఆ వారంలో నెగటివ్ తల్లి ఉంటే ఆ గ్రూపు ఒక బ్యాగు అదనంగా రావాలంటుంది. తలసీమియా పిల్లల తేదీల్లాగే ఇదీ ముందే తెలిసిన సమాచారం, నాకు తట్టలేదు. ఈ నెల నుంచి ఆమె పుస్తకంలోని ఆ కాలమ్ ప్రతి సోమవారం ఫోటోగా వస్తోంది, మంగళవారం వ్యాన్ జాబితాలో చేరుతోంది.